స్విఫ్ట్ కి 16 అంగుళాల అల్లాయ్స్: లుక్ ఎంత మారింది, నడక ఎంత మారింది

బండి మూడో తరం మారుతి స్విఫ్ట్, అంటే 2018 లో వచ్చిన మోడల్, వీఎక్స్ఐ పెట్రోల్. దీనికి కంపెనీ ఇచ్చిన 14 అంగుళాల ఇనుప డిస్కులు తీసేసి 16 అంగుళాల అల్లాయ్స్, 195/55 ఆర్16 టైర్లు వేయించాను. ఒక ఎండాకాలం ఒక వానాకాలం పూర్తిగా తిరిగాను, విజయవాడ హైదరాబాద్ మధ్య ఎన్‌హెచ్ 65 మీద రాకపోకలు, మధ్యలో నూజివీడు తిరువూరు వైపు ఊళ్ల రోడ్లు, అన్నీ అయ్యాకే రాస్తున్నా. ముందే ఒక మాట చెప్పేస్తా. బండి నిలబడే తీరు, మన కుర్రాళ్లు స్టాన్స్ స్టాన్స్ అంటుంటారే, అది రిమ్ము ఎంత పెద్దదనే దాని మీద కంటే టైరు ఫెండర్ కింద, అంటే చక్రం పైన ఉండే బాడీ అంచు కింద, ఎక్కడ కూర్చుందనే దాని మీదే ఎక్కువ ఉంటుంది. ఇది తెలియక చాలామంది నేరుగా 17 లకి వెళ్లిపోయి డబ్బులూ నడుమూ రెండూ పోగొట్టుకుంటున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

స్టాక్ లో ఏం బాగోదో ముందు చూద్దాం. ఈ స్విఫ్ట్ బాడీ నిజంగా బాగుంటుంది, వెనక ఫెండర్ దగ్గర ఉబ్బు, భుజాల్లాగా బయటికి వచ్చే ఆ గీత, కంపెనీ వాళ్లు బాగా గీశారు. కానీ దాని కింద 165/80 ఆర్14 టైరు, పైన ప్లాస్టిక్ వీల్ క్యాప్. పక్క నుంచి చూస్తే రబ్బరు ఎక్కువ, ఇనుము తక్కువ. వెనక నుంచి చూస్తే ఇంకా బాధ, టైరు ఫెండర్ లోపలికి వెళ్లి దాక్కున్నట్టు ఉంటుంది, అంత భుజాలున్న బండి అంత సన్న కాళ్ల మీద నిలబడినట్టు. చాలామంది కళ్లు పడేది టైరుకీ పైన ఫెండర్ కీ మధ్య ఉన్న ఖాళీ మీద, ఆ ఖాళీ పోవాలంటే పెద్ద వీల్ వెయ్యాలి అనుకుంటారు. అక్కడే లెక్క తప్పుతుంది, ఎందుకంటే రిమ్ము పెద్దదయితే టైరు పక్క గోడ చిన్నదవ్వాలి, మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉండాలి, అంటే పైన ఖాళీ పెద్దగా ఎక్కడికీ పోదు.

లెక్క చెప్తా, కష్టం కాదు. 165/80 ఆర్14 అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, అంటే 132. రిమ్ము 14 అంగుళాలు అంటే 355.6. పైన ఒక గోడ కింద ఒక గోడ కలిపితే మొత్తం 619.6 మిల్లీమీటర్లు. ఇదే స్విఫ్ట్ పై వేరియంట్ జడ్‌ఎక్స్ఐ కి కంపెనీయే 185/65 ఆర్15 ఇచ్చింది, దాని మొత్తం ఎత్తు 621.5. నేను వేసిన 195/55 ఆర్16, ఇది బాలెనో పై వేరియంట్ కి కంపెనీ నుంచి వచ్చే సైజే, దాని ఎత్తు 620.9. మూడింటికీ తేడా రెండు మిల్లీమీటర్ల లోపే. అంటే స్పీడోమీటర్ మారదు, గ్రౌండ్ క్లియరెన్స్ 163 అలాగే ఉంటుంది, గేర్ల లెక్క మారదు. ఎవరైనా షాపులో "సార్ 16 వేస్తే బండి లేస్తుంది" అంటే నమ్మొద్దు. బండి లేచేది రిమ్ము వల్ల కాదు, టైరు మొత్తం ఎత్తు పెరిగితేనే, అది కూడా పెరిగిన దాంట్లో సగమే.

మరి ఎత్తు మారకపోతే లుక్ ఎందుకు మారుతుంది? పక్క నుంచి కనపడే ఆ గుండ్రంలో లోహం ఎంత, నలుపు ఎంత అన్నదే విషయం. 14 కి మొత్తం వ్యాసంలో రిమ్ము 57 శాతం ఉంటే 15 కి 61, 16 కి 65, అదే 205/45 ఆర్17 వేస్తే 70. కంటికి ఈ ఎనిమిది శాతం చాలా పెద్ద తేడా. నలుపు పలచబడే కొద్దీ చక్రం పెద్దదిగా, బండి కిందికి ఉన్నట్టుగా అనిపిస్తుంది. టేపు పెట్టి కొలిస్తే ఒక్క మిల్లీమీటర్ కూడా కిందికి రాలేదు, అయినా చూసిన వాళ్లంతా స్ప్రింగులు కోయించావా అని అడుగుతున్నారు. దీంతో పాటు స్పోక్ డిజైన్ కూడా చూసుకోవాలి, స్పోకులు రిమ్ము అంచు దాకా సాగితే 16 కూడా 17 లాగా కనిపిస్తుంది, అంచు దగ్గర వెడల్పు పట్టీ ఉన్న డిజైన్ అయితే 16 కూడా 15 లాగా కనిపిస్తుంది. రంగు కూడా అంతే. నల్ల రిమ్ము తీసుకుంటే టైరులో కలిసిపోయి చిన్నదిగా అనిపిస్తుంది, నేను ముదురు బూడిద రంగు తీసుకున్నా, ముఖం మీద మెషిన్ కట్ మెరుపుతో. తెల్ల బండికి బాగా నప్పింది.

ఇప్పుడు అసలు విషయం, ఆఫ్‌సెట్. రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఒక గీత ఊహించుకోండి, హబ్ కి, అంటే చక్రం బిగించే బండి వైపు భాగానికి, ఆనుకునే ముఖం ఆ గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపుకి ఉందో అదే ఆఫ్‌సెట్, రిమ్ము వెనక ఈటీ అని పక్కన నంబరు అచ్చు వేసి ఉంటుంది. ఆ నంబరు తగ్గే కొద్దీ చక్రం బయటికి వస్తుంది, పెరిగే కొద్దీ లోపలికి పోతుంది. నేను స్టాక్ కంటే ఐదు తక్కువ ఉన్న రిమ్ము ఎంచుకున్నా, 16 అంగుళాల ఎత్తు 6 అంగుళాల వెడల్పు. టైరు వెడల్పు 165 నుంచి 195 కి వెళ్లింది, ముప్పై పెరిగింది, అంటే బయటికి 15 లోపలికి 15. ఆఫ్‌సెట్ ఐదు తగ్గింది కాబట్టి బయటికి మొత్తం 20, లోపలికి 10. ఈ 20 మిల్లీమీటర్లే బండి మొహం మార్చేశాయి. వెనక నుంచి చూస్తే ఇప్పుడు టైరు బాడీ అంచుకి దగ్గరగా నిలబడుతుంది, ఆ భుజాల కింద భుజాలకి తగ్గ కాళ్లు వచ్చాయి. నిజంగా చెప్తున్నా, పక్క లుక్ కంటే వెనక లుక్ లోనే మార్పు ఎక్కువ.

ఈ కొలత ఎలా చూశారో చెప్తే మీకు పనికొస్తుంది. విజయవాడ ఆటోనగర్ లో ఒక చిన్న షాపు, అల్లాయ్స్ కొన్నది వేరే చోట కానీ ఫిట్టింగ్, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ ఇక్కడే. అక్కడ ఫిట్టర్ కుర్రాడు పాత చక్రం ఉండగానే ఫెండర్ అంచుకి టేపుతో ఒక దారం అతికించి కింద నట్టు ఒకటి కట్టి వేలాడదీశాడు. దారానికీ టైరు పక్క గోడకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చిన్న స్కేలు పెట్టి చూపించాడు. తర్వాత కొత్తది ఎక్కించి బండి జాకీ మీద నుంచి దించి, ఒకసారి ముందుకీ వెనక్కీ దొర్లించి, సస్పెన్షన్ సర్దుకున్నాక మళ్లీ అదే దారం. చిటికెన వేలు పట్టేంత ఖాళీ మిగిలింది.

"సార్, ఇంకో ఐదు ఎంఎం స్పేసర్ వేస్తే అంచుకి కరెక్టుగా వచ్చేస్తది, వేసేయమంటారా?" అన్నాడు. స్పేసర్ అంటే హబ్ కీ చక్రానికీ మధ్య పెట్టే బిళ్ల, చక్రాన్ని బయటికి నెడుతుంది.

"వద్దు తమ్ముడూ, నలుగురు ఎక్కి డిక్కీలో సామాన్లు పెడితే వెనక కిందికి దిగుతుంది కదా, అప్పుడు అంచుకి కొడితే?" అన్నా.

"కొడితే లైనర్ కట్ చేద్దాం లెండి" అన్నాడు, కానీ వాళ్ల ఓనరు లోపల నుంచే కేక వేశాడు, "స్పేసర్లు వద్దురా, ఆయన హైవే మీద తిరిగే మనిషి" అని. ఆ మాటతో ఆ షాపు మీద నమ్మకం కుదిరింది నాకు. స్పేసర్ వేస్తే బోల్టుకి పట్టు తగ్గుతుంది, బేరింగ్ మీద లోడు పెరుగుతుంది, స్టీరింగ్ గుంతల్లో చేతిని లాగుతుంది. అంచు దాటి టైరు బయటికి వస్తే వానలో బురదంతా పక్క డోర్ల మీదే, పైగా పోలీసుల కంట పడేది కూడా అదే. ఫెండర్ లోపల ఉన్నంతవరకే అందం అని నా అభిప్రాయం.

హబ్ రింగుల గురించి తప్పకుండా చెప్పాలి, ఇది చాలా షాపుల్లో చెప్పరు. స్విఫ్ట్ కి పీసీడీ, అంటే నట్లు ఎన్ని, అవి ఎంత వ్యాసమున్న వృత్తం మీద ఉన్నాయనే లెక్క, 4 బై 100, నట్టు సైజు 12 బై 1.25, మధ్య రంధ్రం 54.1 మిల్లీమీటర్లు. బయట అమ్మే అల్లాయ్స్ మధ్య రంధ్రం చాలావాటికి 67.1 లేదా 73.1 ఉంటుంది, అన్ని బండ్లకీ పడాలని పెద్దదిగా పెడతారు. ఆ ఖాళీ అలా వదిలేస్తే చక్రం నట్ల మీదే సెంటర్ అవ్వాలి, కొంచెం తేడా వచ్చినా ఎనభై తొంభై దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. జనం బ్యాలెన్సింగ్ బాగా చెయ్యలేదని షాపులు మారుస్తూ ఉంటారు, వెయిట్లు మీద వెయిట్లు కొట్టిస్తారు, అసలు రోగం మధ్యలో ఉంటుంది. ఆ ఖాళీకి సరిపోయే ప్లాస్టిక్ లేదా అల్యూమినియం రింగులు వందల్లోనే వచ్చేస్తాయి, అడిగి వేయించుకోండి. నావి అల్యూమినియంవి. పంతంగి టోల్ దాటాక ఖాళీ రోడ్డు మీద కూడా స్టీరింగ్ మీద రెండు వేళ్లు చాలు, వణుకు లేదు.

ఇంకోటి, స్టాక్ ఇనుప డిస్కు నట్లు అన్ని అల్లాయ్స్ కీ సరిపోవు. నట్టు కింద కూర్చునే భాగం ఆకారం చూడాలి, శంకువు లాగా సన్నబడేవి కొన్ని, గుండ్రంగా ఉండేవి కొన్ని, రిమ్ము రంధ్రం ఎలా ఉంటే నట్టు అలాగే ఉండాలి. అల్లాయ్స్ తో పాటు కొత్త నట్లు ఇస్తారు, ఇవ్వకపోతే అడగండి. గాలి గన్నుతో బిగించి వదిలేస్తే ఒప్పుకోవద్దు, ఆఖరి బిగింపు టార్క్ రెంచ్ తోనే, ఒక యాభై వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చెక్ చేయించాలి. రిమ్ము కొనేటప్పుడు వెనక తిప్పి చూడండి, జేడబ్ల్యూఎల్, వీఐఏ అనే జపాన్ నాణ్యతా ముద్రలు, ఒక్కో చక్రం ఎంత బరువు మోస్తుందో, సైజు, ఈటీ అన్నీ ఉండాలి. ముద్రలు ఏమీ లేని నున్నటి వెనక వైపు ఉంటే అది ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ఇంట్లో వాళ్లందరూ కూర్చునే బండి అది. రిమ్ము కంపెనీ పేరు, డిజైన్ పేరు నేను రాయట్లేదు ఎందుకంటే డిజైన్లు మారిపోతూ ఉంటాయి, మీరు వెళ్లేసరికి ఉండకపోవచ్చు, నంబర్లు పట్టుకుని వెళ్తే ఏ కంపెనీదైనా దొరుకుతుంది.

టైర్ల సంగతి. మిషెలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ తీసుకున్నా. ఈ సైజులో మన దగ్గర చాయిస్ బాగానే ఉంటుంది, బాలెనో, ఐ20 లాంటి బండ్లు ఎక్కువ కాబట్టి ఏ ఊర్లో పోయినా 195/55 ఆర్16 దొరుకుతుంది, ఇది చిన్న విషయం కాదు. రాత్రి పూట కోదాడ దగ్గర టైరు కోసుకుపోతే విచిత్రమైన సైజు పెట్టుకుని ఏం చేస్తాం. అపోలో, సియెట్, బ్రిడ్జ్‌స్టోన్, యోకోహామా, అందరికీ ఈ సైజు ఉంది. నేను మిషెలిన్ కి వెళ్లింది శబ్దం కోసం, ఆ విషయంలో చాలా సంతోషం. ఎన్‌హెచ్ 65 మీద గరుకు సిమెంటు ప్యాచుల మీద కూడా లోపల మాటలు వినపడతాయి, పాత టైర్లతో అక్కడ పాటల సౌండు పెంచాల్సి వచ్చేది. తడి రోడ్డు మీద బ్రేకు పట్టు కూడా నమ్మకంగా ఉంది, నందిగామ దాటాక భారీ వానలో ముందు లారీ ఒక్కసారిగా ఆగితే బండి తిన్నగా, ఎటూ జారకుండా ఆగింది. కొనేటప్పుడు పక్క గోడ మీద నాలుగంకెల నంబరు చూడండి, మొదటి రెండు వారం, తర్వాత రెండు సంవత్సరం, నాలుగు టైర్లకీ దగ్గర దగ్గరగా ఉండాలి. ఐఎస్ఐ ముద్ర ఉండాలి. లోడ్ ఇండెక్స్ స్టాక్ కంటే తగ్గకూడదు, 165/80 ఆర్14 కి 85 ఉంటుంది అంటే టైరుకి 515 కిలోలు, 195/55 ఆర్16 కి 87 అంటే 545, కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు.

రైడ్. ఇక్కడ దాపరికం లేకుండా చెప్తా. పక్క గోడ 132 నుంచి 107 కి వచ్చింది, పాతిక మిల్లీమీటర్ల రబ్బరు తగ్గింది, అంటే గుంతకీ మనకీ మధ్య ఉన్న పరుపు అంత మేర పలచబడింది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు పదునైన అంచులున్న గుంతలు, సిమెంటు రోడ్డు కీళ్లు, ఊళ్లలో ఇష్టమొచ్చినట్టు వేసే స్పీడ్ బ్రేకర్లు, అన్నీ ముందు కంటే స్పష్టంగా తెలుస్తాయి. నూజివీడు రోడ్డులో కొన్ని చోట్ల వెనక కూర్చున్న అమ్మ "ఏంట్రా బండి ఇలా కొడుతోంది" అంది. అదే ఎనభై దాటాక పరిస్థితి తిరగబడుతుంది, పాత టైర్లతో వంపుల్లో బండి ముందు ఒకసారి ఒరిగి తర్వాత తిరిగేది, ఇప్పుడు స్టీరింగ్ తిప్పిన వెంటనే తిరుగుతుంది, పక్క నుంచి బస్సు దూసుకుపోయినా ఊగడం తగ్గింది. హైవే ఎక్కువ తిరిగేవాళ్లకి ఇది లాభం, రోజూ గుంతల సందుల్లోంచి ఆఫీసుకి వెళ్లే వాళ్లకి నష్టం. ఎవరి రోడ్డు ఏదో వాళ్లే చూసుకోవాలి.

పికప్, మైలేజ్. చక్రం బరువు బండిలో పెట్టిన సామాను బరువు లాంటిది కాదు, అది తిరగాలి కూడా, పైగా ఆ బరువు మధ్య నుంచి ఎంత దూరంగా ఉంటే తిప్పడం అంత కష్టం. 16 లో ఆ లోహం అంచుకి జరుగుతుంది, టైరు కూడా వెడల్పు. స్విఫ్ట్ 1.2 ఇంజిన్ టార్క్ 113 న్యూటన్ మీటర్లు, చిన్న ఇంజిన్, కాబట్టి తేడా తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర మొదటి గేరులో కాస్త బద్ధకం, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ముందు కంటే కొంచెం ముందే గేరు తగ్గించాలి. మైలేజ్ లీటరుకి ఒక కిలోమీటరు అటూ ఇటూ తగ్గింది, హైవే మీద అంత కూడా లేదు. పార్కింగ్ లో స్టీరింగ్ కొంచెం బరువు. అందుకే కొనేటప్పుడు తూకం అడగండి, సిగ్గుపడొద్దు, ఒకే సైజులో రెండు డిజైన్లకి ఒక్కో చక్రం మీద కిలో, రెండు కిలోల తేడా ఉంటుంది, నాలుగింటికీ లెక్కేస్తే ఎంతో చూడండి. అల్లాయ్ అంటే తేలిక అనే మాట అన్నిటికీ నిజం కాదు, చవక రకాలు ఇనుప డిస్కు కంటే బరువుండేవి కూడా ఉన్నాయి.

చిన్న విషయం కానీ ఎవరూ ముందు చెప్పరు. పెద్ద రిమ్ము సన్న స్పోకులు వేస్తే లోపల ఉన్నదంతా బయటపడుతుంది. స్విఫ్ట్ కి వెనక డ్రమ్ బ్రేకులు, వీల్ క్యాప్ ఉన్నంతకాలం కనపడలేదు, ఇప్పుడు ఎండలో నిలబెడితే స్పోకుల మధ్య నుంచి తుప్పు పట్టిన డ్రమ్ము గోధుమ రంగులో మెరుస్తూ కనిపిస్తుంది. చక్రాలు విప్పిన రోజే వైర్ బ్రష్ తో గీకించి వేడికి తట్టుకునే నల్ల పెయింటు కొట్టిస్తే సరిపోతుంది, ఆ ఫిట్టరు కుర్రాడే అర గంటలో చేసిచ్చాడు. ఫోటో తీసుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

ఇక 17 ల గురించి. మా బావమరిది ఇదే బండికి 205/45 ఆర్17 వేయించాడు. ఆగి ఉంటే నిజంగా బాగుంటుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ పక్క గోడ 92 మిల్లీమీటర్లే, స్టాక్ కంటే నలభై తక్కువ. ఖమ్మం వైపు వెళ్తూ రాత్రి ఒక గుంతలో దిగాడు, ముందు ఎడమ టైరు పక్కన నిమ్మకాయంత బుడగ లేచింది, రిమ్ము అంచు లోపలికి వంగింది. బుడగ వచ్చిందంటే లోపల దారాలు తెగినట్టే, దానికి రిపేరు లేదు, టైరు పారేయడమే. వంగిన రిమ్ము లేత్ మీద పెట్టి సాపు చేయించాడు కానీ మళ్లీ ముందు చక్రంగా వేయలేదు. ఇంకో సంగతి, ఆ 17 ల మొత్తం ఎత్తు 616, స్టాక్ కంటే మూడు మిల్లీమీటర్లు తక్కువ, అంటే ఫెండర్ కింద ఖాళీ ఇంకొంచెం పెరిగింది! ఆ ఖాళీ పోవాలనే కదా పెద్ద రిమ్ము వేసింది.

నెట్ లో జపాన్ యూరప్ స్విఫ్ట్ ల ఫోటోలు చూసి అలా రావాలనుకునే వాళ్లకి ఒక మాట. యూరప్ లో అమ్మే స్విఫ్ట్ మన బండి కంటే కిందికి కూర్చుంటుంది, మన రోడ్ల కోసం ఇక్కడ ఎత్తు పెంచారు. స్విఫ్ట్ స్పోర్ట్ కి కంపెనీ నుంచే 195/45 ఆర్17 వచ్చేది, దాని సస్పెన్షన్ వేరు. ఆ ఫోటోలోని లుక్ లో సగం స్ప్రింగులది, చక్రాలది కాదు. మన దగ్గర స్ప్రింగులు కోయించడం, కిందికి దించడం గురించి నేను ఎక్కువ చెప్పను, మా వీధి చివర స్పీడ్ బ్రేకరే ఒప్పుకోదు.

వేరే బండ్ల వాళ్లు కూడా ఇదే పద్ధతిలో ఆలోచించొచ్చు, ముందు మీ బండి పై వేరియంట్ కి కంపెనీ ఏ సైజు ఇచ్చిందో చూడండి. నెక్సాన్ కింది వేరియంట్లకి 195/60 ఆర్16, పై వాటికి 215/60 ఆర్16, ఇక్కడ రిమ్ము అదే 16, కానీ టైరు ఎత్తు 640 నుంచి 664 కి వెళ్తుంది, బండి నిజంగానే పన్నెండు మిల్లీమీటర్లు లేస్తుంది, ఫెండర్ నిండుతుంది. రిమ్ము మార్చకుండానే స్టాన్స్ మారే పద్ధతి ఇది, అన్నిటికంటే మంచిది, గుంతలకీ మంచిది. క్రెటా కూడా మొదటి మోడల్ లో 205/65 ఆర్16 నుంచి 215/60 ఆర్17 కి వెళ్తే పదిహేడు మిల్లీమీటర్ల వ్యాసం పెరిగేది. కంపెనీయే ఇచ్చిన సైజు కాబట్టి లోపల తగలదు, అనుమానం అక్కర్లేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ కి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. స్విఫ్ట్ కి కంపెనీ ఇచ్చిన పెద్ద సైజు 15, కాబట్టి 16 ఆ గీత దాటినట్టే, అది తెలిసే వేయించాను. ఇన్సూరెన్స్ లో అల్లాయ్స్ ని యాక్సెసరీగా రాయించాను, దానికి కొంచెం ప్రీమియం పెరిగింది. వారంటీలో ఉన్న బండి అయితే సస్పెన్షన్, బేరింగ్ క్లెయిముల్లో సర్వీస్ సెంటర్ వాళ్లు దీన్నే చూపించే అవకాశం ఉంది. ఏ తలనొప్పీ వద్దు అనుకునే వాళ్లకి జడ్‌ఎక్స్ఐ సైజు 185/65 ఆర్15 ఉంది, పక్క గోడ 120, రైడ్ దాదాపు స్టాక్ లాగే, ఖర్చు తక్కువ, లుక్ లో ముప్పాతిక వంతు మార్పు వచ్చేస్తుంది. ఆటోనగర్ లో జడ్‌ఎక్స్ఐ నుంచి తీసేసిన కంపెనీ అల్లాయ్స్ సెట్లు అప్పుడప్పుడు దొరుకుతాయి, వంగాయో లేదో బ్యాలెన్సింగ్ మెషిన్ మీద తిప్పించి చూసి తీసుకోండి. మా అమ్మగారు, నాన్నగారు ఎక్కువ తిరిగే బండి అయితే నేను కూడా అదే వేయించేవాణ్ణి.

ఆ ఆటోనగర్ షాపు పేరు రాయమని అడుగుతారు, వాళ్లు బోర్డు మీద కూడా పేరు సరిగా రాయించుకోలేదు, అలైన్‌మెంట్ అని మాత్రమే ఉంటుంది. పని మాత్రం శ్రద్ధగా చేశారు. ఫిట్టింగ్ అయ్యాక స్టీరింగ్ రెండు వైపులా చివరి దాకా తిప్పి, లోపల ప్లాస్టిక్ లైనర్ కి టైరు తగులుతుందా అని సెల్ ఫోన్ లైటు వేసి చూశారు, తర్వాత నలుగురు పనివాళ్లని బండిలో కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్ మీద ఎక్కించి దించి మళ్లీ చూశారు. తగల్లేదు. మొదటిసారి అలైన్‌మెంట్ రిపోర్టు ప్రింటు తీసి ఇచ్చారు, వెయ్యి కిలోమీటర్లకి మళ్లీ రమ్మన్నారు, రెండోసారి డబ్బులు తీసుకోలేదు. మధ్యాహ్నం మూడు నుంచి రద్దీ, లారీల పని కూడా ఉంటుంది, పొద్దున్నే వెళ్లడం మంచిది.

గాలి గురించి ఒక్క మాట. పక్క గోడ చిన్నదయ్యాక గాలి తగ్గితే రిమ్ము నేరుగా దెబ్బ తింటుంది, పాత టైర్లతో నెలకోసారి చూసినా నడిచేది, ఇప్పుడు వారానికోసారి చూస్తున్నా, చల్లగా ఉన్నప్పుడే, పొద్దున బంకులో. డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న నంబరు నుంచి మొదలుపెట్టి లాంగ్ డ్రైవ్ కి ఫుల్ లోడు అయితే రెండు పాయింట్లు ఎక్కువ కొట్టిస్తా.

స్టెప్నీ పాత 14 అంగుళాల ఇనుప డిస్కే ఉంచాను, 165/80 టైరుతో. ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్ కూడా తేడా లేదు కాబట్టి పంచర్ షాపు దాకా మెల్లగా వెళ్లడానికి ఏ ఇబ్బందీ లేదు, సూర్యాపేట దగ్గర మేకు దిగినప్పుడు అలాగే వెళ్లాం. కాకపోతే దానికి పాత నట్లు నాలుగు డిక్కీలో విడిగా పెట్టుకోవాలి, కొత్త అల్లాయ్ నట్లు దాని మీద సరిగా కూర్చోవు.